తుఫానుకు పేరు పెట్టిన నావికుడు: హెన్రీ పిడింగ్టను

రేవుపట్టణమునకు నౌకల రాకపోకలే ప్రాణము. ఏ ఓడ ఏ దినమున వచ్చి లంగరు దించినది, ఏ సరకు దిగుమతి చేసినది, ఎన్నడు తెరచాపలెత్తి సాగిపోయినది అను వార్తలు పందొమ్మిదవ శతాబ్దమునందు కలకత్తా పత్రికలలో నిత్యమును అచ్చుపడుచుండెను. వర్తకుడు ధరవరల కొఱకు, భీమావ్యాపారి లాభనష్టముల కొఱకు, దొరలు స్వదేశపు ఉత్తరముల కొఱకు వానిని చదువుచుండిరి. ఆ వార్తలనే, వాని వెనుకనున్న ఓడల దినచర్య పుస్తకములనే, గాలి నడచు త్రోవను కనుగొనుటకై చదివినవాడు ఒక్కడు కలడు. ఆతడే హెన్రీ పిడింగ్టను. నేడు లోకమంతయు వాడుకొనుచున్న సైక్లోను అను మాట ఆతని సృష్టి. ఆతని పరిశోధనకు మన గోదావరీముఖము కూడ ఒక మూలస్థానమైనది. అందుచేత ఈ విదేశీయుని జీవితము తీరాంధ్రులు తెలిసికొనదగినదని మేము తలచుచున్నాము.

పిడింగ్టను 1797వ సంవత్సరము జనవరి 7వ తేదీన ఇంగ్లండునందలి ససెక్సు మండలములో అక్ఫీల్డు అను ఊర జన్మించెను. చిన్ననాడే వర్తకనౌకలలో చేరి, ఇండియా చైనా దేశముల నడుమ తిరుగు ఓడలలో పనిచేసి, కప్తాను పదవి నందుకొనెను. పిమ్మట సముద్రవృత్తిని విడిచి బంగాళదేశమున స్థిరపడెను. ఆతడు పెద్ద విద్యాలయమున చదివిన పండితుడు కాడు. కాని తెలిసికొనవలెనను తపన ఆతనిని ఎన్నడును విడువలేదు. 1832లో భారతదేశపు మొక్కలకు ఒక నామసూచిని ప్రకటించెను. కలకత్తాలోని ఆర్థిక భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలకు పాలకుడుగను, ఏషియాటిక్ సొసైటీలో ఉపకార్యదర్శిగను పనిచేసెను. ఓడలు మునిగినపుడు కారణమును విచారించు నౌకావిచారణ న్యాయస్థానమునకు అధ్యక్షుడయ్యెను. మొక్కలు, రాళ్లు, మునిగిన ఓడలు అను ఈ మూడింటిని ఒక్క మనుష్యుడు పరిశీలించుట నేడు వింతగా తోచవచ్చును. ఐనను ఆనాటి కలకత్తాలో జిజ్ఞాసువునకు వృత్తిభేదము అడ్డు కాకుండెను.

కలకత్తా రేవు సామాన్యమైన రేవు కాదు. అది సముద్రమునకు సుమారు 80 మైళ్ల దూరమున హుగ్లీనది లోపల నున్నది. వచ్చు ఓడ ప్రతిదియు నదీముఖమువద్ద పైలటును ఎక్కించుకొని, ఇసుకదిబ్బలను తప్పించుకొనుచు, పోటుకు పోటుకు నడుమ ఆగుచు పైకి రావలెను. జేమ్స్ అండ్ మేరీ అను దిబ్బ ఎన్ని ఓడలను మ్రింగినదో చెప్పజాలము. డైమండ్ హార్బరు, ఖేజురీ స్థానములనుండి ఓడల జాడ తెలుపుటకే 1851లో ఈ దేశమునందలి తొలి తంతిమార్గములలో నొకటి ఏర్పడెను. ఋతుపవనమునకు ముందు వైశాఖ జ్యేష్ఠములందును, తరువాత ఆశ్వయుజ కార్తికములందును బంగాళాఖాతమున గాలివానలు పుట్టుచుండెను. ఆ మాసములలో నదీముఖమున వేచియున్న ఓడకు ముందు సముద్రము, వెనుక దిబ్బలు. తప్పించుకొనుటకు చోటు తక్కువ.

గాలివాన సుడివలె తిరుగునను భావము పిడింగ్టనుకు పూర్వమే కొందఱికి తట్టియుండెను. కంపెనీ సైన్యమునందు పనిచేసిన కర్నల్ జేమ్స్ కాపర్ అను నతడు చోళమండలతీరపు తుఫానులను పరిశీలించి, అవి సుడిగాలులని 1801లోనే వ్రాసెను. అమెరికాలో రెడ్‌ఫీల్డు, పశ్చిమ ఇండీస్ దీవులలో కర్నల్ విలియం రీడ్ దానిని సోదాహరణముగ స్థాపించిరి. రీడ్ గ్రంథము 1838లో వెలువడి కలకత్తా చేరెను. దానిని చదివిన పిడింగ్టను తన జీవితకార్యము నిది యని నిశ్చయించుకొనెను. సిద్ధాంతము తనదని ఆతడెన్నడును చెప్పుకొనలేదు. రీడ్, రెడ్‌ఫీల్డుల శిష్యుడనని చెప్పుకొనుటకు వెనుదీయలేదు. కాని గురువులు వేసిన బాటను హిందూ చైనా సముద్రములకు కొనివచ్చి, దానిని నావికుని చేతికి పనిముట్టుగ మార్చినవాడు ఆతడే.

ఆతని పద్ధతి మిక్కిలి సరళమైనది, మిక్కిలి శ్రమతో కూడినది. 1839 జూన్ మాసమున బంగాళాఖాతమున ఒక పెద్ద గాలివాన లేచెను. పిడింగ్టను ఆ దినములలో సముద్రముమీద నున్న ఓడల పేళ్లను సేకరించి, ఒక్కొక్క కప్తానును అడిగి వారి దినచర్య పుస్తకములను తెప్పించుకొనెను. ఏ గంటకు ఏ ఓడ ఎచ్చటనుండెను, గాలి ఏ దిక్కునుండి వీచెను, బారోమీటరు ఎంత దిగెను అను అంశములను పటముమీద గుర్తించెను. ఒక్క ఓడ పుస్తకము వలన తెలియనిది పది ఓడల పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టినపుడు తెలిసెను. తూర్పున నున్న ఓడకు దక్షిణపుగాలి, పడమట నున్న ఓడకు ఉత్తరపుగాలి, నడుమ చిక్కిన ఓడకు ఒక్కసారి నిశ్శబ్దము, వెంటనే ఎదురుదిక్కునుండి ప్రళయము. చెల్లాచెదరుగ నున్న భయములన్నియు ఒక వృత్తమై కనబడెను. ఇట్లు ఒక్కొక్క తుఫానును గుఱించి ఒక్కొక్క వ్యాసము వ్రాసి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో పదేండ్లకు పైగా ప్రకటించుచుండెను.

ఆ వరుసలో అగ్రభాగమున నిలిచినది మన కోరంగి. గోదావరీముఖమునందలి కోరంగి ఆ కాలమున ఓడలు కట్టుటకును, మరమ్మతు చేయుటకును పేరుపొందిన రేవు. ఆ రేవునుండి వెడలిన తెలుగు కూలీలను బర్మాలో నేటికిని కోరంగీలని పిలుతురన్న, దాని ప్రసిద్ధి ఎట్టిదో తెలియును. 1789 డిసెంబరు మాసమున మూడు మహాతరంగములు ఒకదాని వెనుక నొకటి ఆ రేవుపై పడినవనియు, మొదటిది ఓడలను గట్టుపైకి విసరినదనియు, తక్కిన రెండును ఊరిని ఊడ్చినవనియు పూర్వపు కథనములు చెప్పుచున్నవి. పిడింగ్టను వానిని తన గ్రంథమున పొందుపఱచెను. 1839 నవంబరు 25వ తేదీన మరల అదే రేవు ఉప్పెన పాలయ్యెను. జూన్ తుఫానుమీద పని ముగియకముందే ఆతడు ఈ రెండవ తుఫానుకు పూనుకొనవలసి వచ్చెను.

ఇచ్చట మా పాఠకులు ఒక్క విషయమును గమనింపవలెనని కోరుచున్నాము. ఆ తుఫానులలో చిక్కిన ఓడలకు పేరు కలదు, కప్తాను పేరు కలదు, గంటగంటకు లెక్క కలదు. కోరంగిలో చచ్చినవారికో? 1789న 20 వేలమంది అని ఒక గుండ్రని సంఖ్య. 1839కి మూడు లక్షలని పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకుచు వచ్చిన మఱియొక సంఖ్య. చిన్న రేవుపట్టణమునకు అంత సంఖ్య పొసగదని నేటి పరిశోధకులు సందేహించుచున్నారు. ఆ సంఖ్యలు ఎక్కువా తక్కువా అనునది ఇపుడు మా ప్రశ్న కాదు. ఎవరును లెక్కింపలేదనుటయే అసలు సంగతి. రేవు పుస్తకమునందు నౌకకు ఒక పుట కలదు. నౌకను కట్టిన వడ్రంగికి, లాగిన కళాసీకి, ఒడ్డున నున్న బెస్తకు పంక్తియైనను లేదు. ఈ లోపము పిడింగ్టనుది కాదు, ఆ కాలపు పరిపాలనది. దీనిని మనస్సున నుంచుకొనిననే ఆతని జీవితపు చివరిఘట్టము అర్థమగును.

1848లో ఆతడు నావికుల కొఱకు తుఫాను ధర్మములపై ఒక చేతిపుస్తకమును ప్రకటించెను. తెరచాపల నడుమ పెరిగినవాడు గనుక తనవారికి ఏ భాష తెలియునో ఆ భాషలోనే వ్రాసెను. గాలివానలకు ఊరూర ఒక పేరుండుటచేత నావికులు తికమకపడుచున్నారని తలచి, చుట్టచుట్టుకొన్న పాము అను అర్థము స్ఫురించునట్లు గ్రీకుపదమునుండి సైక్లోను అను మాటను కల్పించెను. గాలి పూర్ణవృత్తమున తిరుగునని రూఢిగ చెప్పక, చుట్ట అని మాత్రము చెప్పు పేరును ఏరుకొనుటలో ఆతని జాగ్రత్త కనబడుచున్నది. పుస్తకముతోపాటు పారదర్శకమైన కొమ్ము రేకులను రెండింటిని చేర్చెను. వానిపై గాలి తిరుగు దిక్కులు గీయబడియుండును. ఒకటి భూమధ్యరేఖకు ఉత్తరమున, మఱియొకటి దక్షిణమున వాడుటకు. కప్తాను ఆ రేకును పటముమీద నుంచి, తనకు వీచుచున్న గాలిదిక్కును సరిచూచుకొనిన, తుఫాను నడుము ఏ వైపున నున్నదో తెలియును. మన సముద్రమున గాలికి ఎదురుగా నిలిచినవానికి తుఫానుకన్ను కుడిప్రక్కన నుండును. గాలిదిక్కు మాఱుచున్న తీరునుబట్టి అది తనవైపు వచ్చుచున్నదో, దాటిపోవుచున్నదో గ్రహింపవచ్చును. చదువు తక్కువైన కప్తాను కూడ ఆపత్సమయమున ఈ రేకును వాడుకొనగలిగెను.

ఈ విద్య తెలియనివారికేమి జరుగునో చూపుటకు ఆతనికి సాక్ష్యములు కొల్లలుగ దొరకెను. 1844 నవంబరున బ్రిటన్, రన్నిమీడ్ అను రెండు ఓడలు సైనికులను ఎక్కించుకొని వేర్వేఱు దేశములనుండి కలకత్తాకు వచ్చుచు, ఒకే తుఫానున చిక్కి, అండమాను దీవిలో దాదాపు ఒకేచోట అడవిలోనికి విసరివేయబడెను. 1845 ఫిబ్రవరిలో చార్లెస్ హెడిల్ అను ఓడ మారిషసునుండి బయలుదేరి తుఫానున పడి, గాలికి వీపు చూపి పరుగిడుచుండెను. పారిపోవుచున్నామని ఓడవారు తలచిరి. నిజమునకు ఐదు దినములు తుఫాను చుట్టును గిరగిర తిరుగుచు దానితోపాటే సాగుచుండిరి. పిడింగ్టను ఆ ఓడ దినచర్యను పటముమీద గీయగా గానుగెద్దు త్రోవవలె చుట్టులు తేలెను. తుఫాను తిరుగుచు తిరుగుచు ముందుకు కదలునని చూపుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము వేఱొకటి లేదు.

ఆతని సిద్ధాంతమున లోపము లేకపోలేదు. రేకులపై గీసినవి పూర్ణవృత్తములు. గాలి నిజముగ వృత్తమున తిరుగక, లోపలికి ఒరిగి చుట్టుకొనుచు పోవునని తరువాత మారిషసున చార్లెస్ మెల్డ్రమ్ మొదలగువారు నిరూపించిరి. తుఫాను నడుము కప్తాను లెక్కించిన చోటికంటె కొంచెము వెనుకకు ఉండును. ఆ కొంచెమే ఓడకు ప్రాణాంతకము కావచ్చును. ఐనను సరిదిద్దుటకు ముందు దిద్దదగినది ఒకటి ఉండవలెను. శాస్త్రమునందు మొదటి గీత గీసినవాని ఋణము తరువాత దిద్దినవారు కూడ తీర్పజాలరు.

పిడింగ్టను ఓడలతో ఆగియుండిన, ఆతడు మంచి నావికశాస్త్రజ్ఞుడుగ మాత్రము మిగిలియుండును. ఆతని దృష్టి ఒడ్డుమీదికి మరలుటలో ఆతని గొప్పతన మున్నది. తుఫానున మనుష్యులను ఎక్కువగ చంపునది గాలి కాదు, గాలి నెట్టుకొని వచ్చు నీరు. బారోమీటరు ఒక అంగుళము దిగిన సముద్రమట్టము సుమారు ఒక అడుగు ఉబ్బును, అది స్వల్పము. కాని లోతు తక్కువైన బంగాళాఖాతపు కొసన గాలి నీటిని కుప్పగ తోసినపుడు, పోటుకూడ తోడైన, కెరటము తాటిచెట్టు సగమువఱకు లేచును. దీనికి పిడింగ్టను తుఫాను కెరటమని పేరిడి వేఱుగ పరిశీలించెను. మన బెస్తవారు గాలివాన వేఱు, ఉప్పెన వేఱు అని ఏనాడో రెండు మాటలు ఉంచుకొన్నారు. పండితులు ఆలస్యముగ చేరుకొన్న భేదము మన పల్లెలలో వాడుకమాటయై యుండినది.

1850 దశకమున హుగ్లీనది పూడిపోవునను భయము కలకత్తా వర్తకులను పట్టుకొనెను. సుందరవనముల అంచున మాత్లానది లోతుగ నున్నది గనుక అచ్చట క్రొత్త రేవు కట్టవలెనని తలపెట్టిరి. పిడింగ్టను ఈ ఆలోచనకు ఉలికిపడెను. 1853లో గవర్నరు జనరలు డల్‌హౌసీ ప్రభువునకు బహిరంగలేఖ వ్రాసి అచ్చువేయించెను. ఆ చోటు తుఫాను కెరటమునకు నేరుగ ఎదురుగ నున్నదనియు, ఒకనాడు అచ్చటి జనము ఐదు మొదలు పదునైదు అడుగుల ఉప్పునీటిలో మునుగుదురనియు హెచ్చరించెను. ఓడలు మాత్రమే కాదు, ఇండ్లు, బజారు, నివసించువారు అందఱును ఆ లెక్కలోనికి వచ్చిరి. రేవు పుస్తకమునందు లేని పుట ఆతని లేఖయందు తెఱవబడెను.

ప్రభుత్వము వినలేదు. రైలుమార్గము వేసిరి, ఊరు కట్టిరి, అటుపై గవర్నరు జనరలైన కానింగు పేర పోర్ట్ కానింగు అనిరి. పిడింగ్టను 1858 ఏప్రిలు 7వ తేదీన కలకత్తాలో మరణించెను. తన మాట నిజమగుట చూడలేదు. 1864 అక్టోబరు 5వ తేదీన మహాతుఫాను కలకత్తామీద పడెను. రేవులో నున్న 195 ఓడలలో చెక్కుచెదరక మిగిలినవి 23 మాత్రమే. జననష్టము 60 వేలని అంచనా. ఇచ్చటను ఓడల లెక్క ఒక్కటితో సహా తేలినది, మనుష్యుల లెక్క వేలలో నిలిచినది. అంతటి అనుభవము తరువాత కూడ 1865లో పోర్ట్ కానింగు వాటాలు అమ్మబడెను. 1867 నవంబరున తుఫాను వచ్చి, సుమారు ఆఱడుగుల కెరటము క్రొత్త రేవును ముంచివేసెను. ఓడలు చాలినన్ని రాకపోవుట, వాటాల జూదము కుప్పకూలుట కూడ ఆ రేవు పతనమునకు కారణములని ఒప్పుకొనవలెను. ఐనను కోలుకొను ఆశను తెంచినది ఆ కెరటము. 1872 నాటికి రేవు విడువబడెను. విదేశప్రభుత్వమునకు జ్ఞానము లేక కాదు, చెవి లేక ఈ నష్టము కలిగెను. చెప్పినవాడు వారి జాతివాడే, వారి ఉద్యోగియే. ఐనను లాభపుటాశ ముందు ఆతని మాట నిలువలేదు.

1864 విపత్తు పిమ్మట 1865లో కలకత్తా రేవునకు తుఫాను హెచ్చరిక ఏర్పాటయ్యెను. 1875లో భారత వాతావరణశాఖ స్థాపింపబడెను. 1886 నాటికి హెచ్చరికలు దేశమునందలి రేవులన్నింటికి వ్యాపించెను. కాకినాడలో, మచిలీపట్నములో, విశాఖపట్టణములో ఒకటవ నంబరు మొదలు పదునొకటవ నంబరువఱకు ఎగురవేయు ప్రమాదసంకేతములు ఆ ఏర్పాటు సంతానమే. కాని ఆ జెండా ఎవరి కొఱకు పుట్టినదో మఱువరాదు. అది ఓడ కొఱకు పుట్టినది. కలకత్తా తుఫాను జరిగి నెల తిరుగకముందే, 1864 నవంబరు 1వ తేదీన, మచిలీపట్నమును ఉప్పెన ముంచి సుమారు 30 వేలమందిని పొట్టన బెట్టుకొనెను. వారికి జెండాయు లేదు, లేఖ వ్రాసిన పిడింగ్టనును లేడు.

స్వరాజ్యము వచ్చిన తరువాత ఈ అప్పు మనమీదికి వచ్చెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినపుడు పదివేలమందికి పైగా మరణించిరి. తుఫాను వచ్చుచున్నదని ఆకాశవాణి తెలిపెను. ఆ మాట గుడిసె గుడిసెకు చేరి జనమును కదలించు ఏర్పాటు చాలకపోయెను. దాని పిమ్మట తీరమున తుఫాను ఆశ్రయములు లేచెను. 1990 మే మాసమున మరల కృష్ణాడెల్టామీద మహాతుఫాను పడినపుడు, లక్షకు పైగా జనమును ముందే తరలించుటచేత మృతుల సంఖ్య వెయ్యిలోపుగ నిలిచెను. వెయ్యిప్రాణములు స్వల్పమని మేము అనము. కాని పదివేలకును వెయ్యికిని నడుమ నున్న తేడా గాలి దయ కాదు. చెప్పుట, వినుట, కదలుట అను మూడు పనులు ఒకదానికొకటి తోడైనందువలని ఫలము.

తీరమున రేవు కట్టదలచువారికి, భూములు కొనదలచువారికి, వారికి అనుమతులిచ్చు అధికారులకు పిడింగ్టను జీవితము ఒక పాఠము నేర్పుచున్నది. రేవులు వలదని ఎవరును అనరు. వర్తకము లేక దేశము బాగుపడదు. కాని ఎంత సరకు దిగును, ఎన్ని ఓడలు వచ్చును అను లెక్కకు ప్రక్కన, కెరటము ఎంత ఎత్తు లేచును, ఎవరి ఇండ్లు మునుగును, వారు ఏ త్రోవను పోవలెను అను లెక్క కూడ ఉండవలెను. కోరంగి మడయడవులు సముద్రపు దాడికి అడ్డుకట్టగ నున్నవి. వానిని నరికి వేయు చెట్టుకు చెట్టుకు ఆ పుస్తకమున ఖర్చు వ్రాయవలెను. తీరగ్రామపు భూస్వాములు తమ మెఱకభూమిలో ఆశ్రయమునకు స్థలమిచ్చిన, పట్టణపు పురజనులు తమ మునిసిపాలిటీని ఈ లెక్క అడిగిన, అది చిన్నపని కాదు.

పిడింగ్టను ఓడల పుస్తకములను చదివి గాలి రూపును కనుగొనెను. అటుపై ఆ పుస్తకములలో మనుష్యులు లేరని గ్రహించి వారి తరఫున ఒక్క లేఖ వ్రాసెను. లోకము ఆతనిని మొదటి పనికై స్మరించుచున్నది. మేము రెండవ పనికై నమస్కరించుచున్నాము. మన రేవుల పుస్తకములందు బెస్త, కళాసీ, కూలీ అందఱి పేళ్లును చేరిననాడు ఆ లేఖకు ప్రత్యుత్తరము వ్రాసినవారమగుదుము.